బోణీ కాని వేళ లాన్ కార్డు

పిడుగు మా వీధిలోనే పడింది. ఇల్లంతా బాగానే ఉంది, కంప్యూటర్ వెనక నెట్ వైరు గుచ్చే చోటు ఒక్కటే మాడిపోయింది. సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పి బతికేదాన్ని. మల్కాపురంలో మా ఇంట్లోకి ఫోను సిగ్నల్ వంటింటి కిటికీ దాటి రాదు. క్లాసులు ఆగిపోయాయి. ఇంకొక్క సాయంత్రం ఆగితే వేరే మాస్టారిని చూసుకుంటామని తల్లులు మెసేజీలు పెట్టారు.

నా కంప్యూటర్లో ఉన్నది పాత లినక్సు. అందరిలా విండోస్ వేసుకుంటే ఈ బాధ ఉండేదా అన్నారు మా ఆయన.

"అందరిలాగుండేదాన్నయితే మిమ్మల్ని సేసుకుందునా?"

మాడిన చోటుకు బదులు నెట్ వైరు గుచ్చుకోడానికి విడిగా లాన్ కార్డు కొని తెచ్చాను. డబ్బా మీద నాకు కావలసిన మోడల్ పేరే ఉంది. బిగిస్తే దీపం వెలగలేదు. కంపెనీవాడు పేరు ఉంచేసి లోపలి చిప్పు మార్చేశాడట. ఆ కొత్త చిప్పును నడిపే సాఫ్ట్‌వేరు, అదే డ్రైవరు, కావాలంటే లినక్సు కూడా కొత్తది వెయ్యాలి. వేస్తే, నేను లెక్కలు రాసే డిజిటల్ పలక పడుకుంటుంది. దాని డ్రైవరు పాతదాంట్లోనే నడుస్తుంది. నెట్‌లో సలహాలిచ్చే మహానుభావులందరికీ బోలెడు తీరిక. నాకే లేదు.

మర్నాడు షాపు షట్టరు లేపగానే వెళ్లి కార్డు కౌంటరు మీద పెట్టాను. దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్న షాపాయన ఒకడుగు వెనక్కి వేశాడు.

"బోణీ అవకుండా వాపసేటమ్మా? సాయంత్రం రండి."

సాయంత్రమే కదా నా క్లాసు. తప్పు సరుకు అంటగట్టినప్పుడు లేని శకునం ఇప్పుడెక్కడిదని వాదించాను. ఆయన కార్డు వంక చూడనైనా లేదు. కాళ్లు లాగుతుంటే స్టూలు మీద కూలబడ్డాను. ఎంతసేపటికీ ఒక్క బేరమూ రాలేదు.

"సరే, బోణీ నానే సేత్తాను. ఇంకో కార్డు కొంటాను. కానీ డబ్బా కాదు, విప్పి సూపించండి."

సీలు విప్పనన్నాడు.

"అయితే తొలి బేరం తిప్పి పంపెయ్యండి," అని లేచి సంచీ భుజాన వేసుకున్నాను.

తొలి బేరం తిప్పి పంపడం వాపసు కన్నా పెద్ద అరిష్టం. గొణుక్కుంటూనే ఒక్కొక్కటీ విప్పాడు. చిప్పుల మీది చీమకాళ్ల అక్షరాలను ఫోనులో పెద్దవి చేసి చూశాను. అన్నీ కొత్త రకాలే. ఆఖరికి పాత మిషన్లలోంచి పీకిన కార్డులు పడేసి అటకెక్కించిన అట్టపెట్టెలో దొరికింది, నా లినక్సు ఎరిగిన చిప్పు. ఉప్పుగాలికి కార్డు అంచులు నల్లబడ్డాయి. నా డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేశాకే, ఆయన నిన్నటి కార్డు వాపసు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి రబ్బరుతో అంచులు తోమి బిగించాను. పచ్చ దీపం వెలిగింది. సంతోషించే ఓపిక లేదు. వేళకు క్లాసు తెరిస్తే, ఒక్కొక్క పేరే వచ్చి చేరింది. ఒకమ్మాయి నిట్టూర్చింది.

"వచ్చేసేరా మేడం. ఇవాళ కూడా లేదేమోనని సినిమాకి రెడీ అయిపోయేం."

సమాకలనంలో మొదటి లెక్క తియ్యమన్నాను.