కూడలిలో కదిరప్ప బొమ్మ

భయం ఒకసారి మనిషి ఒంట్లో చేరాక మళ్లీ ఎప్పుడు బయటికి పోతుందో ఎవరు చెప్పగలరు? మడకశిర బస్సులు ఆగే కూడలి హోటల్లో మారెక్క ఎప్పుడూ గోడకు వీపు ఆనించే కూర్చుంటుంది. టీ తాగుతున్నంతసేపూ చూపు రోడ్డు మీదే ఉంటుంది. దళితులకు వేరే గ్లాసు ఎందుకని నిలదీసినందుకు ఆమె మొగుడు కదిరప్పను ఈ హోటలు ముందే పట్టపగలు నరికేశారు. ఇన్నేళ్లకు, ఈ ఉదయం, దళిత సంఘం నాయకుడు వీరేష్ పూలదండతో పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, అసెంబ్లీలో ఒప్పుకున్యారు! కదిరప్పన్న బొమ్మ ఈ సర్కిల్లోనే పెడతారంట!”

హోటల్లో చప్పట్లు మోగాయి. మారెక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“చుట్టూ ఇనుప జాలీ కడతారా?”

“జాలీ ఎందుకక్కా? అన్న ఏమన్నా కోడిపెట్టా?” వీరేష్ నవ్వాడు.

“ఎవురన్నా బొమ్మ చెయ్యి ఇరగ్గొడితే, మంటలు లేసేది మన వాడలోనేరా. నా మనవరాండ్లు ఆడ్నే ఉండారు.”

“పోలీసోళ్లు కాపలా ఉంటార్లే.”

“మీ అన్నను నరికిన పొద్దు గూడా ఉండిరి. ఈడ్నే, టీ తాగుతా కూసోని.”

వీరేష్ చేతిలోని దండను బల్ల మీద పెట్టాడు. మారెక్క కొంగు భుజాన కప్పుకుని, వస్తానని ఎవరితోనూ అనకుండా, ఎండలోకి నడిచింది.