చారల జెర్సీకి కుర్చీ లేదు

అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో నా పక్కన కూర్చున్న ఆ ఉరుగ్వే ముసలాయన పేరు నేనడగలేదు. అర్జెంటీనా చారల జెర్సీ వేసుకున్న ఒకతను సీటు కోసం రాగానే, ఆయన తన బ్యాగు తీసి పక్కనున్న ఖాళీ సీట్లో పెట్టాడు.

"వందేళ్ల కిందట వాళ్లతో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మా తాత మోకాలు విరగ్గొట్టారు. చచ్చేదాకా కుర్చీకే అతుక్కుపోయాడు. అందుకే మా ఇంట్లో ఆ చారలకి కుర్చీ వెయ్యం," అన్నాడు ఇంగ్లిష్‌లో.

"ఇతనేం చేశాడు అంకుల్?"

"మా తాత మాత్రం ఏం చేశాడు?"

ఆ తర్వాత, పోయిన నెల మా ఊరు క్యారీలో ఒక బర్త్‌డే పార్టీకి, లేనిపోనివి చెప్పి నా ఉద్యోగం ఊడగొట్టిన పాత రూమ్మేట్ కూడా వచ్చాడు. ఆ రూమ్మేట్ వాళ్ల నాన్న ప్లేటు పట్టుకుని నా పక్కనున్న ఖాళీ కుర్చీ దగ్గరికొచ్చారు.

"ఇక్కడెవరైనా కూర్చున్నారా బాబూ?"

నేను కింద ఉన్న నా బ్యాగు తీసి ఆ కుర్చీలో పెట్టాను.