బావ సెట్టు, నా పేరు

మదనపల్లెలో మేముంటున్న అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి మొన్నొక రోజు పొద్దున్నే తలుపు తట్టి, నమస్కారమైనా పెట్టకుండా, "ఏం సార్, మిద్దె మీద ఆ తీగ యాల కట్టినారు? రేడియేషన్ వస్తాదని అందరూ భయపడతాండారు" అన్నాడు. గుండె మీది జేబులో సెల్‌ఫోను పెట్టుకుని మరీ ఆ మాటన్నాడు. తలాడించి తలుపు వేసుకున్నాను. అది నా హామ్ రేడియో యాంటెన్నా, సరదాకి దేశదేశాల వాళ్లతో గాలిలో మాట్లాడుకునే రేడియోది. దాని కోసం తిట్లు తినడం నాకు కొత్త కాదు. ఇంతకంటే ఘాటైనవి, పుంగనూరులో ఓ వీధి వీధంతా చేరి తిడితే విన్నవాణ్ణి.

అప్పట్లో నేను కుప్పంలో ఓ గ్రానైటు ఫ్యాక్టరీలో గుమాస్తాను. పగలంతా రాళ్లు కోసే రంపాల రొదలో గడిపి, సాయంత్రాలు మోర్స్ చుక్కలూ గీతలూ వల్లె వేసి, ఎలాగో పరీక్ష గట్టెక్కి, లైసెన్సుతో పాటు నాదంటూ ఓ కాల్ సైన్ సంపాదించుకున్నాను. కాల్ సైనంటే గాలిలో మన పేరు, ప్రపంచంలో ఇంకొకరికి ఉండదు. పేరైతే వచ్చింది గానీ ఆ పేరుతో మాట్లాడటానికి సెట్టు కొనే తాహతు లేదు. సెట్టున్నది పుంగనూరులో మా ఆవిడ అన్నగారికి. ఆయనకూ లైసెన్సుంది గానీ మైకు ముందు కూర్చుంటే నోరు పెగలదు. ఆయనకూ నాకూ పెళ్లినాటి నుంచీ పడదు. ఎందుకు పడదంటే చెప్పలేను, కొందరిని చూడగానే ఒళ్లు మండుతుంది, అంతే. నన్ను చూస్తే ఆయనకూ అలాగే ఉండేదని మా ఆవిడే చెప్పేది.

ఆ యేడు శని ఆదివారాల్లో ఓ పెద్ద రేడియో పోటీ వచ్చింది, ఎక్కువమందిని, ఎక్కువ దేశాలను పలకరించినవాడిది గెలుపు. చెల్లెలి పోరు పడలేక బావ సెట్టు ఇస్తానన్నాడు గానీ, మేమిద్దరం పుంగనూరులో దిగాక, తన ఇంట్లోనే కూర్చోవాలని, తన కాల్ సైన్‌తోనే మాట్లాడాలని మెలిక పెట్టాడు. "సెట్టు నాది, కరెంటు నాది, పేరు మాత్రం నీదా?" అన్నాడు. గొంతు అరగదీసుకునేది నేను, సర్టిఫికెట్టు మీద పేరు ఈయనదా అని నాకు మండుకొచ్చింది. ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ఎవరెవరి పేర్లో రాస్తూ బతికినవాణ్ణి, నా పేరు ఓ మంచి కాగితం మీద పడే అవకాశం అదొక్కటే. తెచ్చిన సంచీ తీసుకుని బస్టాండు దారి పట్టాను. చివరికి మా ఆవిడ అన్నం ముట్టనని మొండికేస్తే బావ ఒప్పుకుని నన్ను వెనక్కి పిలిచాడు, ఆముదం తాగిన మొహంతో.

ఈ పోటీల్లో ఓ మర్యాద ఉంది. అవతలివాడి గొంతు ఎంత బాగా అందుతోందో అంకెల్లో చెప్పాలి. నూతిలోంచి వచ్చినట్టు వినిపించినా సరే, అందరూ అందరికీ "ఫైవ్ నైన్", అంటే దివ్యంగా ఉందనే చెబుతారు. శనివారమంతా ముక్కూ మొహం తెలియని జపానువాళ్లూ రష్యావాళ్లూ నా గొంతు దివ్యమంటుంటే, గుమ్మంలో కూర్చున్న బావ మాత్రం "పీల గొంతు, ఎవురికి ఇనిపిస్తాది" అని గొణుగుతూనే ఉన్నాడు.

పొద్దు వాలే వేళకు దూరదేశాలు బాగా అందుతాయి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆదివారం సరిగ్గా ఆ వేళకే టీవీలో సినిమా. మా బావ చేసిన ఘనకార్యమేమిటంటే, తీగ రెండో కొస కట్టడానికి వేరే గడ దండగని, ఎత్తుగా ఉంటుందని తన మిద్దె మీద ఎదురింటివాళ్లు నిలబెట్టుకున్న టీవీ యాంటెన్నా గడకే కట్టేశాడు. నేను మైకు నొక్కినప్పుడల్లా వాళ్ల టీవీలో బొమ్మ చెదిరిపోయి, హీరో మాటల మధ్య రెండు రోజుల అరుపులకు బొంగురుపోయిన నా కూతలు వినిపించాయట. సినిమా కోసం ఆ ఇంట్లో చేరిన జనమంతా మా వాకిట్లోకి వచ్చి పడ్డారు. అందరికంటే ముందు ఆ ఇంటావిడ, టమాటా మండీ వ్యాపారి భార్య. "ఎవుడప్పా వాడు, మా టీవీలో దూరి అరస్తాండేది? బయటికి రమ్మను, సూస్తాం!" అని ఆమె కేకలు వేస్తుంటే, ఎవరో మిద్దెక్కి తీగ తెంపేస్తామని మెట్ల వైపు నడిచారు. పోటీలో మిగిలింది చివరి గంట, మంచి దేశాలన్నీ దొరికే గంట. బావకు ఇంతకంటే మంచి అదను ఏముంటుంది, నన్ను మెడపట్టి వాళ్లకు అప్పగిస్తాడనే అనుకున్నాను.

ఆయన లేచి వెళ్లి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. "సెట్టు నాది, ఆడ తీగ కట్టినోణ్ణీ నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టండి. రేపు పొద్దున్నే ఇప్పేస్తా. ఈ పొద్దు మాత్రం ఎవురూ మిద్దెక్కేది లేదు" అన్నాడు. వాళ్లు మొహమాటపడలేదు, ఆయన తాతముత్తాతల దాకా పోయి తిట్టారు. పోటీ ముగిసేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. లోపలికి వచ్చాక నాతో అన్నది ఒక్కటే మాట: "అయిపోయిందా? ఇంక బస్సుకు పో." రెండు మంచి మాటలు చెబుదామనుకున్నవాణ్ణి, ఆ మొహం చూసి సంచీ భుజాన వేసుకున్నాను.

మర్నాడే తీగ విప్పేశాడు. వీధిలో ఇంక దాన్ని కట్టనిచ్చేలా లేరని కొన్నాళ్లకు సెట్టూ అమ్మేశాడు. నా పేరుతో సర్టిఫికెట్టు వచ్చింది, మన ప్రాంతంలో మొదటివాణ్ణని. దానికి ఫ్రేము కట్టించి, ఉడికించాలనే, పనిగట్టుకుని పుంగనూరు తీసుకెళ్లాను. బావ అటూ ఇటూ తిప్పి చూసి, మొహం మాడ్చుకుని, అద్దం మీద గీత పడిందని చెప్పి నా చేతిలో పెట్టేశాడు. ఆ మొహం తలచుకుని కుప్పం దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఇప్పుడు సొంత సెట్టుంది. టీవీలన్నీ కేబుల్ మీద నడుస్తున్నాయి, నా వల్ల ఎవరి సినిమా చెడదు. అపార్ట్‌మెంటువాళ్ల ఎల్‌ఈడీ బల్బులూ ఛార్జర్లూ ఇన్వర్టర్లూ చేసే రొదే నా చెవుల్లో పడుతుంది. ఆ సంగతి చెబితే నమ్మేవాడు లేడు. ఆ రొదలోంచే ఒక్కొక్క గొంతూ ఏరుకుంటూ ఏటా పోటీలో కూర్చుంటున్నాను. కిందటేడు మళ్లీ మొదటి స్థానం వచ్చింది. మా ఆవిడ మంచిదే అంది, పిల్లలు ఫోనులో బొటనవేలి బొమ్మ పంపారు. కాగితం ప్రింటు తీయించి, చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. బావ పోయి చాలా ఏళ్లయింది. ఇంక దాన్ని చూసి మనసారా కుళ్లుకునే మనిషి నాకు ఒక్కడూ మిగల్లేదు.