డెబ్బై మూడో నంబరు డేరా

మొన్న టీవీలో, ఏదో పట్నంలో ఇళ్ళు లేనివాళ్ళు కార్పొరేషన్ ఆఫీసు ముందు టార్పాలిన్ డేరాలు కట్టుకుని ధర్నాకు కూర్చున్నారని చూపిస్తుంటే, తాగుతున్న కాఫీ పొలమారేటట్టు నవ్వాను. అందులో నవ్వడానికేముందని మా కోడలు కోపగించుకుంది. ఆమె కోపం న్యాయమే. కానీ నేను నవ్వింది వాళ్ళను చూసి కాదు, ఒకప్పటి నన్ను తలుచుకుని. కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ మూడేళ్ళూ చూసిన నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

రాజధాని అయితే వచ్చింది గానీ దాన్ని కూర్చోబెట్టడానికి మా ఊళ్ళో చోటెక్కడిది? నాలుగు గోడలున్న ప్రతి ఇల్లూ ఉద్యోగులకు అద్దెకు పోయింది. మా పెద్దమ్మ అయితే ఎనుమును బయట కట్టేసి, కొట్టానికి సున్నం కొట్టించి, అందులో ఒక గుంటూరు గుమాస్తాను దింపింది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఎనుము పొద్దు వాలగానే తన చోటు తనదేనని లోపలికి దూరేది. ఇళ్ళు చాలక, ఆఫీసులేమో మైదానం నిండా ఖాకీ డేరాల్లో వెలిశాయి. ప్రతి డేరాకూ నల్లరంగుతో ఒక నంబరు వేయడం, దాన్ని జాబితాలో ఎక్కించడం, ఆ జాబితా ప్రకారం రోజూ నీళ్ళ బండినీ దీపాల మనిషినీ పంపడం, ఇదీ మున్సిపల్ ఆఫీసులో కొత్తగా చేరిన నా ఉద్యోగం. ఆ ఉద్యోగం వేయించింది అక్కడే హెడ్ గుమాస్తాగా ఉన్న మా మేనమామ. ఆయనకు రూలంటే ప్రాణం, విస్తట్లో చారుకంటే ముందు మజ్జిగ వచ్చిందంటే లేచి చెయ్యి కడుక్కునే మనిషి.

ఆ డేరాల కోసం మైదానం ఖాళీ చేయించినప్పుడు, అక్కడ గుడిసెలు వేసుకుని బతుకుతున్న పదిహేను కుటుంబాలు లేచిపోవలసి వచ్చింది. మా ఇంటికి పాలు పోసే అవ్వ వాళ్ళలో ఒకతె. వేరే జాగా చూపిస్తామన్నారు, నెలలు గడిచాయి, చూపించలేదు. వాళ్ళ అరుగులూ వీళ్ళ పంచలూ పట్టుకు తిరిగి విసిగి, ఒకరోజు పొద్దున్నే అందరూ పిల్లాజెల్లాతో వచ్చి, కాంట్రాక్టరు పారేసిన చిరుగుల డేరా ఒకటి మా ఆఫీసు ఎదురుగానే పాతి కూర్చున్నారు. అవ్వ మనవరాలు అప్పుడు నిండు చూలాలు.

"బిడ్డ నేలమీద పడేలోగా నెత్తిన నీడ కావల్ల నాయనా, నేనేమన్నా మిద్దె అడుగుతాండానా?" అంది అవ్వ నాతో. నేను తల దించుకుని లోపలికి పోయాను.

మూడు రోజుల్లో ఖాళీ చేయాలని మామయ్య నోటీసు రాయించాడు. బంట్రోతు దాన్ని తీసుకుపోయినంత వేగంగా వెనక్కి తెచ్చాడు, నంబరు లేనిదానికి నోటీసు అంటించే రూలు లేదట. మామయ్య నామీద ఎగిరాడు.

"ఏమిరా, ఊర్లో ఉండే డేరాలకంతా నంబరేస్తివి, కండ్లెదురుగా ఉండేదాన్ని ఇడిస్తివే!"

నేను ఉరుకులు పరుగుల మీద పోయి డెబ్బై మూడు అని పెద్దగా రాసి, జాబితాలో ఎక్కించి వచ్చాను. నోటీసు అంటించారు. మామయ్య తృప్తిగా నస్యం పట్టు పీల్చాడు.

మర్నాడు నీళ్ళ బండి నేరుగా వచ్చి డెబ్బై మూడు ముందు ఆగి రెండు పీపాలు నింపిపోయింది. సాయంత్రం దీపాల మనిషి లాంతరు తగిలించిపోయాడు. ఆ మరుసటి రోజు ఓర్వకల్లు వైపు రైతులు నలుగురు, నంబరున్న డేరా, ముందు ఇంతమంది జనం కనబడేసరికి ఇదేదో పెద్ద ఆఫీసే అనుకుని అర్జీలు పట్టుకుని వరుసలో కూర్చున్నారు. అవ్వ వాళ్ళ కష్టం పూర్తిగా విని, మజ్జిగ పోసి, అర్జీలు మా ఆఫీసులో ఇచ్చింది. రాజధానిలో ఇంత మర్యాదగా మాట్లాడిన ఆఫీసు ఇదొక్కటేనని ఆ రైతులు ఊరంతా చెప్పుకున్నారు.

గడువు తీరింది. డేరా పీకడానికి కూలీలతో వచ్చిన మేస్త్రీ నంబరు చూసి చేతులు కట్టుకున్నాడు. నంబరున్నది సర్కారు డేరా, ముట్టుకుంటే తన కొలువు పోతుందన్నాడు. డేరా ఏ శాఖదో ఆ శాఖ ఒప్పుకుంటేగానీ నంబరు కొట్టేసే రూలు లేదు, అందుకని అది ఏ శాఖదో చెప్పండని మామయ్య అన్ని శాఖలకూ ఉత్తరాలు రాశాడు. మాది కాదని తెగేసి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, పరిశీలనలో ఉన్నదని అందరూ జవాబిచ్చారు. ఆ పరిశీలన సాగుతుండగానే అవ్వ మునిమనవడు ఆ డేరాలోనే పుట్టాడు, నడక నేర్చాడు, మామయ్య మేజా మీది సిరాబుడ్డి ఒలకబోసి చీవాట్లు కూడా తిన్నాడు.

చివరికి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. జాబితా పట్టుకుని లారీలు వచ్చాయి, డెబ్బై మూడుకు కూడా ఒకటి వచ్చింది. ఇన్నాళ్ళూ కాపాడిన నంబరే ఇప్పుడు వాళ్ళ నెత్తిమీది గుడ్డను లాక్కుపోతోంది, అది వేసింది నేనే.

అవ్వ మాత్రం తొణకలేదు. "డేరా ఎత్తకపోండప్పా, మేము మాత్రం రాము" అని లారీవాళ్ళకు చెప్పి, ముంతా చాపా సర్దుకుని, అందరినీ వెంటబెట్టుకుని ఖాళీ అయిన మైదానంలోకి నడిచిపోయింది. రెండు రోజుల్లో ఎవరి గుడిసె ఎక్కడుండేదో అక్కడే లేచింది.

మామయ్య పాత ఫైలు తీసి, నోటీసు అమలైనది, డేరా ఖాళీ చేసినారు అని రాసి కట్టేశాడు. మరి మైదానంలో గుడిసెల మాటేమిటని అడిగాను.

"వాటికి నంబరుండాదా?" అన్నాడు.

లేదన్నాను, పోయి వేసి రమ్మంటారా అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "నీకేం పని లేదా రా?" అన్నాడు.

నేను చేసింది పొరపాటు. ఆయన చేసింది దయ అంటే ఒప్పుకునే మనిషి కాదు కాబట్టి దాన్నీ పొరపాటు కిందే రాసుకుందాం. ఇప్పుడు ఆఫీసుల్లో అంతా కంప్యూటర్లే చూసుకుంటున్నాయట, అలాంటివి జరగడానికి వీల్లేదని మా మనవడు గొప్పగా చెప్పాడు. సంతోషించాలనే ఉంది గానీ చేతకావడం లేదు. ఒక్క పొరపాటుకైనా చోటులేని ఊళ్ళో మా పాల అవ్వలాంటి మనిషి ఎక్కడ తల దాచుకుంటుంది?