దూది పుల్ల

కలకత్తా మిఠాయి దుకాణాల్లో రుచి చూడమని చిన్న ముక్కయినా చేతిలో పెట్టరు. ఇన్నేళ్ళయినా నాకా కొరత తీరలేదు.

మ్యూజియంలో పాత తైలవర్ణ చిత్రాలు బాగుచేసే మా గదిలో మాత్రం ఒకాయన రోజంతా రుచి చూస్తూనే ఉండేవారు. నది అవతల టికియాపారా నుంచి వచ్చే తెలుగాయనే, బెంగాలీ అలవాటున అందరికీ దాదా, అంటే అన్నయ్య. పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి, నిద్రపోతున్న మనిషి మొహం తుడిచినట్టు బొమ్మ మీది మురికి తుడిచేవారు. ఉమ్మికి మించిన మందు లేదనేవారు. బొమ్మకు ఎరుపు అంటుతుందని ఇష్టమైన కిళ్ళీ కూడా మానేశారు. చిక్కల్లా, దూది దండగని అదే పుల్లను మళ్ళీ నోట్లో పెట్టుకోవడం. ఆ రంగుల్లో సీసం ఉంది, అది ఒంట్లో చేరితే ముందు చిగుళ్ళే చెబుతాయని కెమిస్టుగా మొత్తుకున్నాను. ఉమ్మి అందులో పుల్ల ముంచుకోమని గిన్నె కూడా తెచ్చిపెట్టాను.

"సల్లారిపోతే పన్జెయ్యదు బాబూ," అన్నారు. మర్నాడు ఆ గిన్నెలో మరమరాలు పోసుకుని తింటూ కనిపించారు.

ఒక మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన ఆయన భార్య, వెనకాల నిలబడి చాలాసేపు చూశారు. మసిలోంచి ఒక దొరగారి చెంప బయటపడుతోంది.

"ఎలాగుందే?" అంటూ దాదా ఆవిడవైపు తిరిగి నోరారా నవ్వారు.

"దొర మొగం తెల్లబడతంది, సరే. నీ సిగుళ్ళేటి, నల్లబడిపోతన్నాయి?"