మల్యాల దాకా వెళ్లి తెచ్చుకున్న గడియారం

తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజుల్లో మా బడికి తాళం పడింది. జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో నేను ఆటల టీచరుని. పిల్లలు లేని ఆటల టీచరుకు చేయడానికి ఏమీ ఉండదు. అద్దెగదిలో గోడలు చూస్తూ కొన్నాళ్లు గడిపి, ఇక లాభం లేదని సంచీ సర్దుకుని కోరుట్లలో మా ఇంటికి వచ్చేశాను. ఇంట్లో అమ్మ, వదిన ఉండేవాళ్లు. అన్న గల్ఫ్‌లో ఉండేవాడు, ఎడారిలో ఒక కంపెనీ క్యాంపులో.

ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. టీవీ పెడితే ఢిల్లీ నుంచి ఇవాళ కబురు వస్తుందనేవారు, సాయంత్రానికి రేపనేవారు. నేను డాబా మీదికి ఎక్కేదాన్ని, దిగేదాన్ని, గేటు తీసి రోడ్డు చూసి మళ్లీ వేసేదాన్ని. వాకిట్లో బీడీలు చుడుతున్న అమ్మ చేట పక్కన పెట్టి అనేది:

"కాలుగాలిన పిల్లి లెక్క ఏందే గీ తిరుగుడు? తెలంగాణ నువ్వు తిరిగితే అస్తదా, కూసుంటే ఆగుతదా?"

డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ తరఫున పరుగు పందాల్లో పాల్గొన్నాను. ఉద్యోగంలో చేరాక విజిల్ ఊదడమే తప్ప ఉరకడం లేకుండా పోయింది. ఒక తెల్లవారుజామున పాత బూట్లు దులిపి జగిత్యాల రోడ్డెక్కాను. బస్సులు లేవు, లారీలు లేవు. అంత వెడల్పు రోడ్డు ఖాళీగా పడి ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఊపిరి అందక రొమ్ము మండుతున్నా ఆ పూట ఇంటికొచ్చి మొదటిసారి ఒకచోట కుదురుగా కూర్చున్నాను.

ఒంటరిగా పోవద్దని అమ్మ గొడవ పెట్టింది. "నేను పోత తియ్యి," అంది వదిన. మర్నాటి నుంచి నేను పరుగెత్తుతుంటే ఆమె మోపెడ్ మీద నా పక్కనే వచ్చేది. అది పెళ్లయిన కొత్తలో అన్న కొనిచ్చిన బండి. ఎంత దూరం వచ్చామో దాని మీటరు చూసి చెప్పేది. కాని ఆ మీటరుకు ఒక బుద్ధి లేదు. ఒకనాడు పరుగెత్తేది, ఒకనాడు మొండికేసి నిలబడేది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయాయి. నిన్నటికంటే ఇవాళ మెరుగయ్యానో లేదో తెలియక నాకు పిచ్చెత్తేది. ఆ రోజుల్లో ఏ సంగతీ ఎటూ తేలడం లేదు, కనీసం ఇదొక్కటైనా తేలాలనిపించేది.

సిరిసిల్లలో నాతో పాటు ఆటల కోర్సు చదివిన స్నేహితురాలు ఉంది. ఫోన్లో నా బాధ విని, "నా తాన ఒక గడియారం ఉంది. పైన ఉపగ్రహాలను పట్టుకొని ఎంత దూరం ఉరికినవో, ఎంత జోరుగ ఉరికినవో చెప్తది," అంది. ఆ రాత్రే అన్నకు చెప్పాను. అతను నవ్వాడు. "గియ్యి ఈడ మాల్‌ల వరుసబెట్టి ఉంటయి చెల్లె. నా తోటి ఉండేటాయన జగిత్యాల పక్కన మల్యాలకు సెలవు మీద పోతుండు. ఆయన బయలెల్లే లోపట ఏది గావాలెనో చెప్పు."

అక్కడి నుంచి నా అవస్థ రెట్టింపయింది. నెట్ సెంటరతను బందు లేనినాడే తెరిచేవాడు. తెరిచిననాడు కరెంటు ఉండేది కాదు. రెండూ కుదిరిన పూట కూర్చుని చదివితే ఒక్కో గడియారానికి ఒక్కో గుణం. అన్నిటికంటే చిన్నది దూరం, వేగం, సమయం చెప్తుంది, అంతే. దానికంటే పెద్దదానికి రొమ్ముకు కట్టుకునే పట్టీ ఉంది, గుండె కొట్టుకోవడం కూడా లెక్కేస్తుంది. ఆ పైది దారి బొమ్మ కూడా చూపిస్తుంది. పొద్దున చిన్నది చాలనుకునేదాన్ని. మధ్యాహ్నానికి గుండె సంగతి కూడా తెలిస్తే మంచిది కదా అనిపించేది. పడుకునే వేళకు, కొనేదేదో దారి చూపించేదే కొంటే పోలా అనిపించేది. అన్న ఫోన్ చేసినప్పుడల్లా ఒక కొత్త పేరు చెప్పేదాన్ని.

ఇలా కాదని ఆటోలు మారుకుంటూ సిరిసిల్ల పోయాను. స్నేహితురాలి ఇల్లు మరమగ్గాల వీధిలో. నేను పోయేసరికి కరెంటు లేక వీధంతా చప్పుడు లేకుండా ఉంది. మాట వినబడుతున్నందుకు ఇద్దరికీ కొత్తగా ఉంది. ఆమె తన గడియారం విప్పి నా మణికట్టుకు కట్టింది. వీధి చివర ఖాళీ జాగాలో కాసేపు పరుగెత్తాం. ప్రతి అడుగుకూ నా కళ్లు ముంజేతి మీదికే పోతుంటే నవ్వింది.

"నేనూ గట్లనే జేసిన మొదట్ల. రాయి తట్టుకొని పడ్డ," అంది. తర్వాత ఒక పక్కన కూర్చోబెట్టి చెప్పింది. "బటన్లున్నది తీస్కో. వేలు తాకితే పనిజేసేటియి చెమటకు మతి తప్పుతయి. పట్టీలు గిట్టీలు నాలుగొద్దులు కట్టుకుంటవు, తర్వాత మూలకు పారేస్తవు. నీ చెయ్యి సన్నది, పెద్దది కట్టుకుంటే గుండు కట్టుకున్నట్టుంటది. ఇంకో ముచ్చట, చెట్టు కింద నిలవడి సిగ్నల్ రాలే రాలే అని ఏడ్వకు. ఆకాశం కనవడాలె దానికి."

"దారి జూపెట్టేది మంచిగుంటదంటున్నరు గదా."

"నీకు తెల్వని దారి ఏముందే ఈడ?"

కరెంటు వచ్చింది. వీధిలోని మగ్గాలన్నీ ఒకేసారి మొదలయ్యాయి. ఆ తర్వాత ఆమె ఏదో అంది, నాకు వినబడలేదు.

ఆ సాయంత్రం చిన్నదే చాలని అన్నకు చెప్పాను. అతను ఒప్పుకోలేదు. "అంత దూరం నుంచి పంపుతున్న, గంత చిన్నది పంపితే ఏం మంచిగుంటది? నలుగురు సూస్తరు. పెద్దదే తీస్త." అతను గట్టిగా అనగానే నా మనసు మళ్లీ ఊగింది. ఏమో, పెద్దదే తీయమంటే ఏమవుతుంది అని నసిగాను. పక్కనే కూర్చున్న వదిన నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఆమె ముందుగాల ఏది చెప్పిందో గదే తియ్యి. గది ఉరకనీకె, నలుగురికి సూపెట్టనీకె గాదు," అంది. అటునుంచి అన్న ఏదో అడిగాడు. "నాకేం వద్దు," అని ఫోన్ నాకిచ్చేసి లోపలికి పోయింది.

మల్యాల ఆయన వచ్చాడని కబురు అందేనాటికి నేను ఏవో కాగితాల పని మీద జగిత్యాల గదిలో ఉన్నాను. కబురు అందగానే వదిన మోపెడ్ మీద నా దగ్గరికి వచ్చేసింది. మర్నాడు బందు అన్నారు. ఒక్కరోజు ఆగితే సరిపోయేది. నేను ఆగలేనన్నాను. ఆశ్చర్యంగా వదిన కూడా ఆగలేనంది. తెల్లవారక ముందే బయలుదేరాం, నేను పరుగున, ఆమె బండి మీద.

కొంత దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా ఒక ఎడ్లబండి నిలిపి ఉంది. పక్కన బందు చేస్తున్నవాళ్లు టెంటు వేశారు. పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏంది బిడ్డ, పోలీసోళ్లు గిట్ల ఎంబడి వడ్డరా?" అని అడిగాడు. కాదన్నాను. మరెందుకు ఉరుకుతున్నావని అడిగితే మల్యాల వైపు చెయ్యి చూపించాను.

"బండ్లు పోవు అక్కా," అన్నాడు కండువా వేసుకున్న ఒకతను వదినతో. "ఇయ్యాల సైకిల్ సుత పోదు."

"మల్యాల దాక పోవాలె తమ్మీ. మా ఆయిన తాన నుంచి మనిషి అచ్చిండు."

"మనుషులను ఆపం. నడిచి పోండ్రి."

నేను వెనక్కి పోదామంటుందనుకున్నాను. వదిన మోపెడ్‌ను టెంటు పక్కన నిలిపి, జర చూడమని పెద్దాయనకు చెప్పి, కొంగు నడుముకు దోపింది. "ఉరుకు మరి," అంది నాతో. చెప్పులు అడ్డుపడుతుంటే విప్పి చేత పట్టుకుంది. కంకర వచ్చినచోట వేసుకునేది, నున్నటి తారు రాగానే విప్పేది. ఆమె పరుగెత్తగా నేనెన్నడూ చూడలేదు. డొక్కలో పోటు వచ్చి వంగిపోయేది, నడిచేది, మళ్లీ అందుకునేది. నేను వేగం తగ్గిస్తే కసిరింది.

"నా కోసం ఆగకు. నువ్వు ఆగితే నాకు కూసోబుద్ధైతది."

మల్యాల చేరేసరికి ఎండెక్కింది. ఆయన ఇల్లు వెతికి పట్టుకున్నాం. ఉర్దూ మాట్లాడే కుటుంబం. మమ్మల్ని చూసి ఆయన వాళ్లమ్మ గాభరాపడి ముందు నీళ్లిచ్చింది. "కూసోండ్రి భాభీ," అని ఆయన కుర్చీ వేశాడు. నేను పొట్లం ఎక్కడా అని చూస్తున్నాను. వదిన నీళ్ల గ్లాసు పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"సన్నగైండా?" అని అడిగింది.

"ఆ ఎండలకు అందరం సన్నగైతం భాభీ. మంచిగనే ఉన్నడు."

అప్పుడర్థమయింది నాకు. తెల్లవారుజాము నుంచి నేను గడియారం కోసం వస్తున్నాను. ఆమె వచ్చింది దీనికోసం. కొద్దిరోజుల క్రితం వరకూ అన్నను కళ్లారా చూసిన మనిషి ముందు కూర్చోవడానికి.

పొట్లం విప్పాను. చిన్నదే. కట్టుకుని వాకిట్లో చెయ్యెత్తి నిలబడితే ఎంతకీ ఉపగ్రహాలు చిక్కలేదు. అంత దూరం నుంచి వచ్చింది, ఎక్కడున్నదీ దానికి తెలియాలి కదా అనుకున్నాను. ఆయన వాళ్లమ్మ చాలాసేపు చూసి, "ఫోనుకు సిగ్నల్ లేకుంటే డాబా మీదికి పో బిడ్డ," అంది.

"పనిజేస్తది," అన్నాడాయన నవ్వుతూ. "పంపే ముంగట మీ అన్న కట్టుకొని క్యాంపు సుట్టు తిరిగిండు. మేమంత నవ్వినం."

పాత లెక్కలుండే చోటు వెతికి బటన్ నొక్కితే నిజంగానే ఒకటి ఉంది. మా ఇంటి నుంచి బస్టాండుకు పోయి వచ్చినంత దూరం. పట్టినది మాత్రం చాలా సమయం. వదిన నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఏడ తిరిగిండో కనవడదా?"

"లేదు వదినె. మనం తెప్పిచ్చింది చిన్నది. కంప్యూటర్‌కు పెడితే కనవడ్తదట."

తిరుగు దారిలో గడియారం వదిన చేతికే కట్టాను. టెంటు దగ్గర పెద్దాయన మాకు విస్తర్లు వేయించాడు. రోడ్డు మీద కూర్చుని వేడన్నం, పప్పు తిన్నాం. వదిన తింటూ తింటూ మధ్యలో గడియారం చూసుకునేది.

సమ్మె ఆగి బస్సులు తిరగగానే ఆమె ముందు అడిగిన మాట, సిరిసిల్ల ఎప్పుడు పోదామని. స్నేహితురాలి ఇంట్లో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చున్నాం. తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ లేదు. ఊరు లేదు, రోడ్డు లేదు, పేరు లేదు. మధ్యలో ఎర్రగీత ఒకటి వంకరటింకర పెట్టెలా తిరిగి ఉంది. ఒక మూల మాత్రం దారం చిక్కుపడ్డట్టు ముడి.

"గక్కడ చానసేపు నిలవడ్డడు," అని స్నేహితురాలు చెప్పింది. "మనిషి నిలవడితె గిట్లనే చిక్కువడ్తది గీత."

బయట మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. వదిన వేలితో ఆ గీత వెంట మొత్తం ఒకసారి తిరిగి వచ్చింది.

ఆ రాత్రి అన్న ఫోన్ చేస్తే వదిన, ఆ మూలకు ఎందుకు నిలబడ్డావని అడిగింది. నీకెట్ల తెలుసని అతను నివ్వెరపోయి ఉంటాడు. కాసేపటికి చెప్పాడట, అక్కడికి నీళ్ల ట్యాంకరు వస్తుంది, అందరూ బకెట్లతో వరుస కడతారు, గడియారం ఆపడం మరిచి తనూ నిలబడ్డానని. నీళ్లకు వరుస కట్టాలన్న సంగతి అతను ఏనాడూ ఇంట్లో చెప్పలేదు. అదంతా విని వదిన, "ఇగ ఎన్నొద్దులు?" అని మాత్రం అడిగింది.

బడి తెరిచారు. పోయిన పాఠాలు పూర్తి చేయాలని ఆటల పీరియడ్లన్నీ లెక్కల సారుకు ఇచ్చేశారు. పిల్లల్ని ఎండలోకి వదలమని కొట్లాడుతూ నేను జగిత్యాలలో ఉండిపోయాను. గడియారం కోరుట్లలోనే వదిన చేతికి ఉంది. ఆమె నా పాత బూట్లలో కాగితాలు కుక్కుకుని పొద్దున్నే రోడ్డెక్కుతోందని అమ్మ ఫోన్లో ఫిర్యాదు చేసింది. నాకు ఇంకొకటి తెప్పించుకోవాలా, ఏది తెప్పించుకోవాలి అని నేను మళ్లీ చదవడం మొదలుపెట్టి, మళ్లీ ఏదీ తేల్చుకోలేకపోయాను.

కంపెనీ ఒప్పందం తీరాక అన్న వచ్చేశాడు. అప్పటికీ రాష్ట్రం ఇస్తారా ఇవ్వరా అన్న మాట నడుస్తూనే ఉంది. వచ్చిన కొద్దిరోజులకే వదిన అతన్ని తెల్లవారకముందే లేపి రోడ్డు మీదికి తీసుకొచ్చింది. ఆదివారం కావడంతో నేనూ ఉన్నాను. కొంత దూరం పోయేసరికి అతనికి ఆయాసం వచ్చింది. కల్వర్టు గోడ మీద కూలబడి చెయ్యి ఊపాడు.

"మీరు పోండ్రి. నేనీడ కూసుంట."

"కూసో," అంది వదిన. "మల్లి అస్త."