చీరలకు పెట్టిన గంజి

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, కన్నకూతురికి చెప్పలేదు. గుడిలో చేతులు జోడించినప్పుడు కూడా, దేవుడికి తెలిసే ఉంటుందిలే అని ఆ ఒక్కటి దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. ఇన్నేళ్లుగా పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చాలు, ఆ బరువు వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. అన్నం వండని రోజంటూ ఉండదు కదా. మరిచిపోవడానికి వీల్లేని చోట తప్పు చేశాను. మీరు నాకు ఏమీ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఊళ్లు గడబిడగా ఉన్న రోజుల్లో మేం పట్నం వచ్చేశాం. నాంపల్లి స్టేషన్ వెనక, ఒకే వాకిలి చుట్టూ నాలుగైదు సంసారాలుండే చోట రెండు గదులు కిరాయికి దొరికాయి. మా ఆయనకు గన్‌ఫౌండ్రీలో గుమాస్తా పని. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తమ్మ. కూతురు అప్పటికింకా పుట్టలేదు. మామయ్య పోయి అప్పటికే చాలా కాలమైంది. ఊళ్లో అత్తమ్మ నాట్లు వేసేది, వడ్లు దంచేది, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే ఉత్త చేతులతో ఉన్న నేను వెనక పరిగెత్తాల్సి వచ్చేది. అలాంటి కాళ్లు ఆమెవి.

పట్నంలో నాకొక పిచ్చి పట్టుకుంది. పల్లెటూరిదని ఎవరూ అనకూడదు. జొన్నరొట్టె మానేశాను. ఎందుకో చెబితే నవ్వుతారు. రొట్టె తడితే చప్పుడవుతుంది, ఆ చప్పుడు గోడ అవతలికి వినిపిస్తుంది. దంపుడు బియ్యం ఎర్రగా ఉంటుందని అదీ మానేసి, మర పట్టిన తెల్లబియ్యం తెప్పించాను. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగేదాన్ని. గిన్నె నిండా ఎసరు పెట్టి, ఉడికాక మూత అడ్డం పెట్టి గంజి చుక్క మిగలకుండా వార్చేదాన్ని. అన్నం మెతుక్కు మెతుకు అంటకుండా మల్లెపూవులా ఉండేది. ఆ అన్నం చూసుకుని నేను ఎంత మురిసిపోయానో.

గంజి అంతా వృథా చేయలేదు. చీరలకు పెట్టాను, మా ఆయన చొక్కాలకు పెట్టాను. సాయంత్రం ఆబిడ్స్‌లో అద్దాల దుకాణాల ముందు నడుస్తుంటే నా చీర గరగరలాడేది. వాకిట్లో తీగ మీద ఆరేస్తే నిలువునా నిలబడేది. మిగిలింది మోరీ కాలువలో పోసేదాన్ని.

అత్తమ్మ ఒకసారి అడిగింది, ఆ గంజిలో ఇంత ఉప్పేసి తనకివ్వమని. పట్నంలో గంజి తాగితే ఇంట్లో తిండికి లేదనుకుంటారని నేను కసిరాను. ఆమె నవ్వి, "కుండల కూడు కుండల్నే ఉండాలె, బిడ్డ దుడ్డులెక్క పెరగాలె అన్నట్టుంది నీ యవ్వారం" అంది. మళ్లీ అడగలేదు. ఒకసారి లేదనిపించుకున్న చోట రెండోసారి చేయి చాచే మనిషి కాదు.

ఆమెకు పళ్లు పోయాయి. పప్పు, కూర కొడుక్కి జరిపేసి, తను చారు పోసుకుని ఆ తెల్లన్నమే మెత్తగా పిసుక్కుని తినేది. మా ఆయన బయట ఏదో ఒకటి తినేవాడు, నేను వండుతూ వండుతూ పప్పూ కూరా నోట్లో వేసుకునేదాన్ని. అత్తమ్మకు మాత్రం నేను పెట్టిందే తిండి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

కొన్నాళ్లకు ఆమెకు అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. దూది మీద నడిచినట్టుందనేది. కూర్చుంటే చేతులు నేలకు ఆనించి గానీ లేచేది కాదు. చివరికి మా పక్కింటి మార్తమ్మక్కను పిలిచాం. ఆమెది మెదక్, దవాఖానలో నర్సు. గోడ అవతలికి నా రొట్టె చప్పుడు వినిపించకూడదని నేను అంతగా తాపత్రయపడింది ఆమె గురించే. ఆమె చీపురుపుల్లతో అత్తమ్మ అరికాలు మీద గీసింది. అత్తమ్మ అటెటో చూస్తూ కూర్చుంది. గీసినట్టే తెలియలేదు.

"చెల్లె, గిట్ల కాళ్లు మొద్దుబారుడు నేను దవాఖానల చూసిన," అంది మార్తమ్మక్క. "తెల్లబియ్యం మస్తు కడిగి, గంజి వంపేసే ఇండ్లల్ల ఎక్కువ. నరాలకు కావల్సిన సత్తువ బియ్యం పైపొరల ఉంటది. గా పొర మరల పోతది, ఉన్న జరంత కడిగిన నీళ్లల్ల, గంజిల పోతది. మీరు గంజి వంపుతరా?"

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నేను గంజి పెట్టిన చొక్కాలోనే. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అవునంటే, అడిగినా ఇయ్యలేదని అత్తమ్మ అంటుంది. ఆయన వింటాడు. మార్తమ్మక్క వింటుంది.

"లేదక్కా, గంజి వంపం, ఇగురబెడ్తం," అన్నాను.

అత్తమ్మ నా వైపు చూసింది. తర్వాత వాకిట్లో తీగ మీద ఆరుతున్న నా చీర వైపు చూసింది.

"ఔ బిడ్డా, ఇగురబెడ్తది," అంది మార్తమ్మక్కతో.

"గట్లయితే వాతం కావొచ్చు. నూనె రాసి చూడున్రి," అని ఆమె వెళ్లిపోయింది.

అత్తమ్మ ఎందుకలా అంది? కోడలి పరువు తీయడం ఇష్టం లేకనా? లేక ఇకమీద కూడా తనకు కూడు పెట్టాల్సింది నా చేయేనని భయపడిందా? మొదటిదని అనుకున్న రోజున కాస్త అన్నం దిగుతుంది నాకు. రెండోదని అనుకున్న రోజున దిగదు.

ఆరోజే గంజి ఇవ్వొచ్చు కదా అంటారు మీరు. ఇస్తే నేను తెలిసి అబద్ధమాడానని ఒప్పుకున్నట్టే. అదీ నా లెక్క. ఆ వానాకాలమంతా పొద్దున గంజి వార్చి, అదే చేత్తో ఆమె కాళ్లకు నూనె రాశాను. తెలియక చేసిన తప్పు వేరు, ఇది మందు తెలిసి, రోజూ మోరీలో పోసిన తప్పు.

ఒక పొద్దున అత్తమ్మ నల్లా దగ్గర పడిపోయింది. నన్ను పిలవలేదు. మోచేతుల మీద గడపదాకా పాక్కుంటూ వచ్చింది. కట్టెల మోపు మోసిన మనిషి. ఆ మధ్యాహ్నం గోరువెచ్చని గంజిలో ఉప్పూ, కాస్త మజ్జిగా కలిపి చేతికిచ్చాను. ఆమె గిన్నెను రెండు చేతులా పట్టుకుని తాగింది.

గౌలిగూడ బస్సుల దగ్గర ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు గంపల్లో అమ్మే దంపుడు బియ్యం తెచ్చాను. దుమ్ము పోయేలా ఒక్కసారే కడిగి, నీళ్లు సరిపోను పోసి ఇగురబెట్టాను. అత్తమ్మ తాగడానికి మాత్రం గుప్పెడు బియ్యం విడిగా ఉడికించి గంజి తీసేదాన్ని. పప్పు మెత్తగా మెదిపి పెట్టాను. జొన్నరొట్టె తట్టి పాలలో నానేశాను. చప్పుడు గోడ దాటింది. మరునాడు మార్తమ్మక్క గిన్నె పట్టుకుని వచ్చి, తనకూ రొట్టెలు తట్టి పెడతానా అని అడిగింది. ఎవరికి భయపడి మానేశానో ఆ మనిషి!

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఉన్నట్టుండి కాలు వెనక్కి లాక్కుంది.

"బిడ్డా, చీమ కుట్టిందే," అంది. ఆ ముఖంలో వెలుగు నేను ఏ పండగనాడూ చూడలేదు. "చీమ కుట్టింది, చూడు జర."

కూర్చుని చూశాను. కుడి మడమ మీద చిన్న ఎర్రచీమ. చచ్చిపోయిన కాలికి చీమ కుట్టడం తెలిసింది. లోపలికి వెళ్లి, అత్తమ్మ కోసం తీసి పెట్టిన గంజి గిన్నెను కిటికీ దగ్గరికి పట్టుకుని చూశాను. చెప్పుకోదగ్గ రంగు లేదు, వాసన లేదు, రుచి అంతంతమాత్రం. గోటికి దొరకనంత పలచని పొర కదా గింజ మీద ఉండేది. మనిషిని లేపి నిలబెట్టే శక్తి అందులో ఎవరు దాచారు? మనం ఆ పొరను మరలో పోగొట్టి, మిగిలింది నీళ్లలో కలిపి పారబోసి, చివరకు ఉన్న తెలుపుకు అన్నం పరబ్రహ్మమని దండం పెడుతున్నాం. నాకు ఆ గిన్నె కింద పెట్టాలన్నా భయం వేసింది.

అత్తమ్మ గోడ పట్టుకుని లేచింది, తర్వాత గోడ వదిలింది. నూనె రాసి రాసి అత్తను లేపిందని వాకిలంతా నన్ను మెచ్చుకుంది. కోడలంటే గిట్లుండాలె అని మార్తమ్మక్క అందరి ముందూ అంది. తల దించుకున్నాను. అది అణకువ అనుకున్నారు.

ఎడమ పాదానికి మాత్రం స్పర్శ రాలేదు. సుల్తాన్ బజార్‌లో ఒకసారి చెప్పు ఊడిపోయినా తెలియక చాలా దూరం నడిచింది. ఒక దుకాణం అతను చెప్పు పట్టుకుని మా వెనక పరిగెత్తుకొచ్చాడు. అత్తమ్మ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వానాకాలం నేను పారబోసిన గంజిలో ఆ పాదం పోయిందేమో. కాదని చెప్పేవాళ్లు ఎవరున్నారు?

ఒక్కసారి మొదలుపెట్టాను. "అత్తమ్మా, మార్తమ్మక్క అడిగిన దినం..." అన్నాను.

"గంజి సల్లారుతది, ఇటియ్యి," అంది.

ఆంధ్రా మనమూ ఒక్కటవుతున్నామని అందరూ మాట్లాడుకుంటున్న ఏడు ఆమె జ్వరంతో పోయింది. చివరి స్నానం చేయించాక కట్టడానికి మంచి చీర అడిగారు. పెట్టె అడుగున నేను దాచుకున్నది తీశాను. ఆ పాత రోజుల్లో గంజి పెట్టింది. అట్టలా ఉంది. నల్లా దగ్గరికి తీసుకెళ్లి పిండాను. తెల్లని నీళ్లు వచ్చాయి. మళ్లీ తడిపి పిండాను, మళ్లీ వచ్చాయి. తడిచీర ఎలా కడతారని మార్తమ్మక్క అరుస్తూనే ఉంది. నాకు వినిపిస్తూనే ఉంది. చేతులు ఆగలేదు. నీళ్లు తేటపడేదాకా పిండి, ఆ తడిచీరే ఆమెకు కట్టాను.

ఇదీ నేను చేసింది. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి ఆ మాట నన్ను అననివ్వనే లేదు. చెప్పాను కాబట్టి ఈ పూట కొంచెం తేలిగ్గా ఉంది. పొయ్యి మీద అన్నం ఇగురుతోంది, వెళ్లి దించాలి.